చీల

బంపరుకి అతికించమన్నాను.
ఏసుపాదం నవ్వలేదు. జీపు ముందు గొంతుక్కూర్చుని
వేలి కణుపుతో టకటకమని కొట్టి చూపించాడు:
"ఇది మొహానికి పౌడరండీ. ఎముక లోపలుంటాది."

పాలకొల్లు కాలవగట్టు మీద రేకుల షెడ్డు.
ఒక మూల వరికోత మిషను పళ్ళు,
ఇంకో మూల తుప్పెక్కిన చుక్కాని, విరిగిన ఏరియేటర్ రెక్కలు.
మధ్యలో నా చిన్న జీపు,
పళ్ళ డాక్టరు కుర్చీలో పిల్లాడిలా నోరు తెరుచుకుని.

నా వ్యాను పెద్దది. సీసాలు, ఫ్రిజ్జు, మైక్రోస్కోపు.
వానాకాలం చెరువు గట్టెక్కితే
ఇరుసుదాకా దిగబడి కూర్చుంటుంది.
జీపు పోతుంది. జీపులో నా సామాను పట్టదు.
రెండు బళ్ళు. నేనొక్కదాన్ని.
అందుకని ఈ ఇనప నొగ.

ఛాసిస్ నుంచి రెండు చేతులు బయల్దేరి
ముందుకొచ్చి ఒక్కచోట కలుస్తాయి.
ఆ కొస వ్యాను వెనకున్న బంతి మీద కూర్చోవాలి.
"కందెన" అన్నాడు ఏసుపాదం చెయ్యి చాపి.
పండుగాడు దిక్కులు చూశాడు.
"గ్రీజురా బాబూ."

నొగ వాలిందేమోనని
తాపీ మేస్త్రీల గొట్టం తెచ్చాడు, కాలవ నీళ్ళు నింపి.
ఒక కొస బంతి దగ్గర, ఒక కొస జీపు దగ్గర.
నాలుగు వేళ్ళు తేడా.
"నీళ్ళు అబద్ధమాడవండీ."

నేను మాట్లాడలేదు.
తేటగా మెరిసే చెరువులో అమ్మోనియా పట్టుకునేదాన్ని,
సాయంత్రం ముద్దొచ్చిన నీళ్ళ మీద
తెల్లారేసరికి రొయ్యలు తెల్లగా తేలడం చూసినదాన్ని.
ఆయన మాత్రం బంతిని నాలుగు వేళ్ళు దించి
మళ్ళీ గొట్టం పట్టాడు. సరిపోయింది.

"తాళం ఒక మెట్టు తిప్పి వదిలెయ్యండి,
స్టీరింగ్ బిగుసుకోకూడదు.
రెండు గేర్లూ న్యూట్రల్. హేండ్ బ్రేకు దించానో లేదో
నన్నడక్కండి, మీరే చూసుకోండి.
గొలుసులు కత్తెరేసి కట్టాను,
చీల ఊడినా నొగ నేల తగలదు.
వెనక్కి మాత్రం పోకండి.
వెనక్కి పోతే మీ మాట వినదు, అడ్డం తిరుగుద్ది."
"పోవాల్సొస్తే?"
"చీల తీసి, దేని దారి దానిది. ఆయ్, అంతేనండి."

నరసాపురం దాటాక మొగల్తూరు వైపు.
అద్దంలో జీపు. సీట్లో ఎవరూ లేరు.
నేను కుడికి తిప్పితే
ఒక ఊపిరి ఆగి
దాని స్టీరింగూ కుడికి తిరుగుతోంది, దానంతటదే.
ఎదురొచ్చిన సైకిలాయన దిగి నిలబడిపోయాడు.

తర్వాత ఆ ఇరుకు గట్టు.
ఇటు కాలవ, అటు చెరువు, ఎదురుగా
కొబ్బరికాయల లారీ. హారన్ మీద హారన్.
ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ దిగాను.
క్లీనరు నాకన్నా ముందే వచ్చి వంగి
గొలుసులు చూశాడు, చీల తట్టాడు.
"ఏసుపాదం పనా?"
ఇంకేం అడగలేదు.
లారీ పక్కల్ని అరచేత్తో బాదుకుంటూ
రానీ, రానీ, రానీ అని
అంత లోడునీ చప్టాదాకా వెనక్కి నడిపించుకుపోయాడు.
నేను కూడబెట్టుకున్న మాటలు
నాలుక మీదే మిగిలిపోయాయి.

పది కిలోమీటర్లకి ఆగి పానా పెట్టాను, చెప్పినట్టే.
మూడు బోల్టులు కదల్లేదు.
నాలుగోది పావు చుట్టు తిరిగింది.
ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. చెప్పలేదు.
పావు చుట్టు ఆయన నాకు వదిలిందేమో అనిపించింది,
కాదని కూడా తెలుసు.

చెరువు దగ్గర చీల లాగి
నొగని జీపు ముక్కుకి తాడుతో కట్టేశాను.
వాన మొదలైంది. సీసాల బుట్ట పక్క సీట్లో పెట్టి
లోపలికెక్కి చూస్తే
స్టీరింగ్ కాస్త ఎడమకి తిరిగి ఉంది,
ఇందాకటి మలుపు ఇంకా అవనట్టు.
దాన్ని తిన్నగా చెయ్యడానికి
ఎందుకో కాసేపు చెయ్యాడలేదు.