తవుడు పళ్లెంలో చంద్రుడు

ఈ రోజు పాఠం చంద్రుడు.
పుస్తకంలో ఒకటిన్నర పేజీ, ఒక బొమ్మ.
అచ్చులో సిరా ఎక్కువై
మాడిన దిబ్బరొట్టెలా ఉన్నాడు పాపం.

చిట్టినగర్ సొరంగం దాటి వచ్చే లారీల మోతకి
నా గొంతు రెండో వరస దాకానే వెళ్తుంది.
అందుకే పుస్తకం మూసేశాను.
పాలావిడని అడిగి తెచ్చిన తవుడు
మధ్యాహ్న భోజనం పళ్లెంలో మందంగా పరిచి
పైన పల్చగా ముగ్గుపిండి జల్లాను.
"ఇది చంద్రుడి నేల. అక్కడ గాలి లేదు.
ఎవరూ ఉఫ్‌మని ఊదకండి."

గోలీలు ఒక్కొక్కటే పడ్డాయి.
నడుమ గుంట, చుట్టూ అంచు,
అడుగున ఉన్న తవుడు తెల్లటి ముగ్గు మీదికి
గీతలు గీతలుగా చిమ్మింది.
వెనక నుంచి ఎవడో జేబులోని క్రికెట్ బంతి తీశాడు.
వద్దనేలోగా
సగం చంద్రుడు నా చీర మీదున్నాడు.

షాహీన్ మిగిలిన సగంలో బొటనవేలు అద్ది
"అక్కడైతే ఇది చెరగదా టీచర్?" అంది.
చెరగదు, వానా లేదు, గాలీ లేదు,
ఊడ్చేవాళ్లు అసలే లేరు అన్నాను.
గుమ్మంలో చీపురుతో నిలబడ్డ ఆయా సామ్రాజ్యం
"ఇక్కడ నేనున్నాగా" అంది.

నిన్ననే చెప్పాను, తలా ఒక రాయి తెమ్మని.
రైలు కట్ట కంకర, కృష్ణ ఒడ్డు గులకరాయి,
ఎవరిదో సన్నికల్లు పొత్రం (సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలట).
యేసుపాదం తెచ్చింది మాత్రం
నల్లగా, బరువుగా, పాత స్పీకరు అయస్కాంతానికి
టక్కున అతుక్కుంది.
ఉల్క! ఉల్క! తరగతి గది లేచి నిలబడింది.
తిప్పి చూశాను. ఒళ్లంతా బుడగల గుంతలు.
ఇనప చిట్టెం.
"ఆకాశం కాదురా, ఆటోనగర్" అన్నాను మెల్లగా.
వాడి ముఖం వాడిపోతుందనుకున్నాను.
"అయితే మా నాన్న కొలిమిలోదే!" అని
ముందుకన్నా గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు తీశాను నా సంచిలోంచి
కొండపల్లి క్వారీ దగ్గర ఏరిన బూడిద తెలుపు రాయి.
అనార్థోసైట్. ఆ పేరుకి నాలుగుసార్లు నాలుక మడతపడి
నవ్వులయ్యాక చెప్పాను:
చంద్రుడిలో తెల్లగా కనబడే మెట్టలూ ఈ జాతి రాయే.
మనం వెన్నెల అనేది
ఇలాంటి రాళ్ల మీద పడి వెనక్కి వచ్చిన ఎండ.

రాయి బెంచీ బెంచీ తిరిగింది.
ఒకడు నాకి చూశాడు కూడా.

"రోజూ రాలుతుంటాయి పైనుంచి రాళ్లు,
మన గాలిలోనే మండి పొడైపోతాయి చాలామటుకు,
భయం లేదు" అంటున్నాను.
ఆఖరి బెంచీలో పైడితల్లి చెయ్యెత్తింది.
విజయనగరం నుంచి పనికొచ్చినవాళ్ల పిల్ల,
ఇల్లు కొండ మీద, నూట ఎనభై మెట్ల పైన.

"మా మీద పడినాది సుక్క రాయేనా టీచర్?"

పోయిన వానల్లో, రాత్రి,
రేకు చీల్చుకుని వంటింట్లోకి.
అమ్మ అప్పుడు కుళాయి కాడుందట.
ఎంత దూరం నుంచి వచ్చిందని అడిగాను, తెలివితక్కువగా.
"పై ఇంటోళ్ల గోడ ఎనకనించి."
కాసేపాగి,
"మరి గాలి ఆపలేదేం టీచర్?"

నా దగ్గరున్న గైడులో
ఆ ప్రశ్నకి జవాబు లేదు.
లారీ ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది.
గంట కొట్టారు.

మర్నాడు పాత లంగా గుడ్డలో చుట్టి
ఒక ముక్క తెచ్చింది.
లోపల దానిమ్మ గింజల్లా ఎర్రటి చుక్కలు.
బీరువా మీద చిట్టెం పక్కన, కొండపల్లి రాయి పక్కన
జాగా చేసి, చీటీ తననే రాయమన్నాను.
గుండ్రటి అక్షరాలు, గీత దాటకుండా:

పేరు: టీచరు చెప్పారు, మర్చిపోయాను.
దొరికిన చోటు: పొయ్యి పక్క.
బరువు: ఇది చిన్న ముక్క.
పెద్దదానికి నలుగురు పట్టారు.