చెక్కుబంది

మా జేజికి సర్వే నెంబర్లు తెలీవు.
గుంతకల్లు నుంచి గువ్వలదొడ్డికి పోతావుంటే
ఎర్రనేల అయిపోయి నల్లనేల తగిలే కాడ
బండెద్దులు వాటంతట అవే నిలబడతాయనింది.
ఆడ్నించి రెండు పరుపుల దూది ఏకేంత పొద్దు
వంకెంబడి నడవమనింది.

మూడెకరాల పదకొండు సెంట్లు.
వాళ్లమ్మ పక్కీరమ్మ
ఊరూరా దూది ఏకి, కొంగున ముడేసిన కూలితో
కొన్న నేల.
గంజి పోసిన కరువులో
ఎవరికి రాసిచ్చిందో, అసలు రాసిచ్చిందో లేదో
జేజికి తెలీదు. అప్పటికి ఆరేండ్లు.
గంజి గుర్తుంది.
గంజిలో పడిన ఈగ గుర్తుంది.

తాసిల్దారు ఆఫీసులో కుర్రోడు
కంప్యూటరు మీంచి కండ్లు తీయకుండా
"నెంబరు చెప్పక్కా" అన్నాడు.
ఎద్దులు నిలబడే చోటన్నా.
"దానికి సబ్ డివిజన్ ఉందా?" అన్నాడు, నవ్వకుండానే.

నాలుగు వారాలు తిరిగితే
రికార్డు రూము తాళం దొరికింది.
చెదలు నాకంటే ముందే చదివేసిన పుస్తకం.
రెండువందల పద్నాలుగు.
దూదేకుల పక్కీరమ్మ, నల్లసిరాతో, గుండ్రంగా.
తర్వాతి పుస్తకంలో పక్కీరప్ప.
ఎవరో గుమాస్తా, ఆడమనిషికి నేలేమిటనుకున్నాడో
నిద్రమత్తులో రాసినాడో.
ఆ పై పుస్తకంలో పక్కీరప్ప మీద ఎర్రగీత,
గీత పైన నలుగురు మగోళ్లు.
చెక్కుబందిలో
తూర్పు: కురువ నాగన్న చేను.
పడమర: వంక.
దక్షిణం: బండిబాట.
ఉత్తరం కాడ కాగితం లేదు,
చెద తిన్న బొక్కలోంచి కింది పేజీలో
ఇంకెవరిదో బాకీ కనపడతా ఉంది.

తలారి పని ఎప్పుడో ఇడిసిన ఎర్రిస్వామి
పొద్దున్నే చెప్పుల్లేకుండా ముందు నడిచినాడు.
నాగన్న చేన్లో గాలిమర
మబ్బును పట్టి ఏకతా ఉంది.
ఒక్క చుక్కా రాలలేదు.
వంక పూడి సర్కారుతుమ్మ లేచింది.
బండిబాట మీద తారు.
"ఒక్క రాయి దొరికితే చాలు పాపా,
గొలుసేసి తక్కిన మూడూ పట్టొచ్చు."

రాయి దొరికింది.
పసుపు పూసి ఉంది. మీద రెండు పచ్చగాజులు,
ఎండిన నిమ్మకాయ, వెండి కండ్లు.
పత్తి తీసే ఆడోళ్లు నడుములు ఎత్తి
"చెప్పులిడిసి రాక్కా, పక్కీరమ్మ తల్లి" అన్నారు.
ఎవరామె అంటే ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.
"అబ్బలకాలం నాటి తల్లి. చేనుకు ఆమె పేరే.
పట్టా యావరిదో, బెంగుళూరులో ఉంటారంట.
తొలి పత్తి ఆమెకు పెట్టందే మేము సంచి కట్టం."

పసుపు కింద ఇంటూ గుర్తు ఉంటుందని
గోటితో గీరబోయిన ఎర్రిస్వామి
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
గీరమని నేనూ అనలేదు.
కొలతల ఫీజు రశీదు సంచిలో ఉంది.
మొక్కాలో, దువా చేయాలో తెలీక
చేతులు కలపకుండా, చాపకుండా
పొట్టకాడ పెట్టుకుని నిలబడినా.

వాళ్లలో ఒకామె, ముక్కుకు రెండువైపులా పుడకలు,
"నీదేం పనక్కా?" అనింది.
పరుపులు కుడతామన్నా.
"అట్లయితే నా కూతురు కానుపుకొస్తాది,
ఒక పరుపు కావాల. పత్తి మేమే ఇస్తాం" అని
ఒడిలోంచి గుప్పెడు తీసి నా చేతిలో పెట్టింది.
గింజ తీయని పత్తి. ఎండకు వెచ్చగా ఉంది.
వేళ్లతో విడదీసి చూసినా.
పోగు పొడుగే.

కూలి ఎంతని అడిగింది. చెప్పినా.
శానా ఎక్కువనింది.
రాయి దిక్కు ఒకసారి చూసి
యాభై తగ్గించినా.