స్టాంపు ప్యాడ్

పెరంబూరు క్యారేజీ షాపు వాళ్ల నాటకానికి
ఇరవై రెండేళ్లు సామాను మోసినవాణ్ణి.
మొన్న సాలిగ్రామంలో మా కింది వాటా వకుళమ్మ,
ఒకప్పుడు డబ్బింగు చెప్పిన మనిషి,
ఆ కథ మీద తీసిన రెండు సినిమాలూ
ఒకే రాత్రి చూపించింది ఫోనులో.

మూడో అంకం. తిరుపాలమ్మ
తను చదవలేని కాగితం మీద వేలు వెయ్యాలి.

నలుపూ తెలుపు దాంట్లో
బొటనవేలు తెరంత.
వెనక ఇరవై వయొలిన్లు.
ఏడ్చాను. వయొలిన్లకి ఎవరేడవరు?

రంగుల దాంట్లో వాన.
కాగితం తడిసి సిరా ఊదాగా పాకుతుంది
ఆమె కాళ్లదాకా.
బాగానే ఉంది గానీ
అసలా అప్పు చేసిందే కరువొచ్చి కదా!

మా ప్యాడ్‌లో సిరా ఉండేది కాదు.
అద్దె చీర మరకైతే మూడు రూపాయలు కోత,
అందుకని పొడిగుడ్డ.
ఆ సంగతి నాకూ,
తిరుపాలమ్మ వేసే స్టోర్సు గుమాస్తా వేదాద్రికీ తెలుసు.

అతను వేలు ఎత్తేవాడు.
పన్నెండో వరసకి అది ఆనదు.
వింగులోంచి నేను చూసేది వాళ్లనే,
షిఫ్టు దిగి అలాగే వచ్చినవాళ్లు,
లేత్ మీద వేలిగీతలు అరిగినవాళ్లు
ఒక్కొక్కరే తల వంచి
తమ బొటనవేలు చూసుకునేవాళ్లు.
ఒకాయనైతే పంచెకి తుడుచుకున్నాడు.

ఏది బాగుందీ, అంది వకుళమ్మ.

రెండోది, అన్నాను.
అందులో ప్యాడ్ మాదే,
మూత మీద సొట్ట గుర్తుపట్టాను.
అద్దెకని పట్టుకెళ్లి తిరిగివ్వలేదు.
సిరా పోసి పాడు చేశారు.