పోటు గీతలు

మెచూకే దీవిలో వానకి సెలవు లేదు.
గుంజల మీద నిలబడ్డ మా ఇంటి కిందికి
రోజుకి రెండుసార్లు సముద్రం వచ్చి పోతుంది,
చేబదులు అడగడానికొచ్చి
నోరు పెగలక వెనుదిరిగే చుట్టంలా.

పదకొండు రోజులుగా
ఆ షుగర్ మిషన్ మొహం చూడలేదు నేను.
ఉన్ని బుట్ట అడుగున,
ఎవరూ కొనని గోధుమరంగు ఉండల కింద
దాని నోరు నొక్కి పెట్టాను.

మనవరాలి బాప్తిస్మం నాడు మొదలైంది.
ఇల్లంతా పొగ, అకార్డియన్, తడిసిన కోట్ల వాసన.
పందికొవ్వు దట్టించిన బంగాళాదుంప మిల్కావోలు
పెనం మీంచి దిగుతుంటే
రెండంటే రెండే తిన్నాను.
సాయంత్రం మూడు వందల పన్నెండు.
అందరం తిన్నాం,
అంకె మాత్రం నాకొక్కదానికే వచ్చింది.

పైగా వేళ్ళ సంగతి ఎవరికి తెలుసు?
నూలు వడికే చేతికి చూపుడువేలే కన్ను.
పొడిచిన చోట ఉన్ని పీచు చిక్కుకుంటే
దారం తడబడుతుంది,
తెల్ల మేజోడు మీద ఎర్రచుక్క పడితే
బేరం పోతుంది.
ఇలాంటి సాకులు నా దగ్గర ఇంకా ఉన్నాయి,
ఒక్కొక్కటీ నిజమే.

పక్కింటి ఓర్ఫెలినాకి కాలివేలు తీసేసినప్పుడు
హడలిపోయి రోజుకి నాలుగుసార్లు పొడుచుకున్నాను.
ఆ భయం మూడు రోజులు పనిచేసింది.
నాలుగో రోజు దానికీ అలవాటు పడ్డాను,
పైకప్పు మీద వానకి పడ్డట్టే.

పన్నెండో రోజు లాంచీలోంచి నర్సు యస్నా దిగింది,
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చంకలో మందుల పెట్టె.
రాత్రి కూర్చుని నింపిన నోటుబుక్కు అందించాను:
నూట పది. నూట పన్నెండు. నూట పది. నూట పదకొండు.
అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో.
ఆమె పేజీ తిప్పింది,
కిటికీలోంచి నీళ్ళకేసి చూసింది.
"ఎర్మెలిందా, ఆ సముద్రం కూడా
ఇంత బుద్ధిగా ఉండదు" అంది.
తిట్టలేదు.
తిట్టి ఉంటే తలుపేసుకునేదాన్ని.
ఆమె నవ్వేసరికి నాకూ నవ్వొచ్చింది,
దాని వెనకే ఏడుపూ వచ్చింది.

మధ్యాహ్నం ఆటు వేళ
దెల్ఫీన్ ఇంటి కింద బురదలో నిలబడి
పుచ్చిన గుంజ పక్కన కొత్తది నాటుతున్నాడు.
పాతదాని నిండా కత్తిగాట్లు,
పున్నమికొకటి, అమావాస్యకొకటి,
ముప్పై నాలుగేళ్ళుగా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో.
అన్నిటికన్నా పై గాటు నేలచెక్కల్ని తాకుతోంది,
మా వంటిల్లు తడిసిన ఏడాదిది.
"ఇంత పొంగినరోజు కోపమొచ్చి
గీత పెట్టడం మానెయ్యాలనిపించలేదా?" అడిగాను.
అతనికి ప్రశ్నే అర్థం కాలేదు.
"మానేస్తే పడవ ఎక్కడ కట్టాలో
ఎలా తెలుస్తుంది?"
మేకు పళ్ళ మధ్య పెట్టుకుని
మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

సముద్రానిదీ పోటే, సూదిదీ పోటే.
ఇన్నేళ్ళూ ఒకదాన్ని కొలిచాం,
ఒకదానికి ముఖం చాటేశాను.

రాత్రి బుట్ట బోర్లించాను.
ఉంగరపు వేలు, పక్కవాటున.
పెళ్ళినాటి నుంచీ ఉంగరం మోస్తూ
నూలు పనికి అక్కర్లేకుండా కూర్చున్న వేలు,
దానికీ ఒక కొలువు దొరికింది.
నూట ఎనభై ఏడు.
మంచిదా చెడ్డదా అని అడగలేదు.
రాశాను. పక్కనే ఇంకో మాట:
మిల్కావో, ఒకటిన్నర.
మిగతా సగం దెల్ఫీన్ ప్లేటులోకి వెళ్ళిందని కూడా
రాయాల్సింది, చోటు చాల్లేదు.

రేపు చూస్తానని ఒట్టు పెట్టను.
పెట్టిన ఒట్లన్నీ ఆ బుట్ట అడుక్కే చేరాయి.
మిషన్ని మాత్రం మాతే కాచే కెటిల్ పక్కన ఉంచాను,
పొద్దున్నే చెయ్యి తగిలే చోట.

కింద నీళ్ళు
కొత్త గుంజని తడిమి చూస్తున్నాయి,
ఇంకా ఒక్క గీతా లేని గుంజని.