పాడైన వస్తువుల పట్టీ

నా నడుముకి పదకొండు తాళంచెవులు.
నడిస్తే చప్పుడు, కూర్చుంటే బరువు.
ప్రయోగశాల కాపలా నాది, పందొమ్మిదేళ్లుగా.

నారిన్‌లో నది అంచులు గడ్డకట్టే నెలలో
మారిబోర్ నుంచి లారీలో దిగాయి పద్నాలుగు పెట్టెలు.
ప్రతిదాని మీదా గాజు గ్లాసు బొమ్మ, పైకి చూపే రెండు బాణాలు.
మంచులో నిలబడి నేనే సంతకం పెట్టాను.
ఏది విరిగినా నీ జీతంలోంచే అన్నారు లెక్కల ఆఫీసువాళ్లు.
ఒక్క సెన్సరు ఖరీదు నా ఏడాది బొగ్గూ బంగాళాదుంపలూ.
అది విన్నాక తాళం ఎవరు తీస్తారు, మీరే చెప్పండి.

రిబ్బను కట్టాం. రెక్టరు కత్తిరించాడు.
ఫోటోలో నా చెయ్యొక్కటే పడింది, కత్తెర అందిస్తూ.
సాయంత్రం మిషను మీద మళ్లీ గుడ్డ కప్పాను,
ఒక్క అడుగూ వెయ్యని గుర్రానికి దుప్పటి కప్పినట్టు.

పాఠాలు మారాయి, కాగితం మీద.
'అభ్యసన ఫలితాలు' అన్న మాటని కిర్గిజ్‌లోకి తేవడానికి
ముగ్గురు పెద్దమనుషులు రెండు రోజులు కూర్చున్నారు.
ఒక గొర్రె ఖర్చయింది. మాట దొరకలేదు.
అసన్‌కుల్ మాస్టారు తన పాత నోట్సుకి కొత్త అట్ట వేశారు.
లోపల అదే దూలం, నడి మధ్యన అదే బాణం గుర్తు.
ముప్పై ఏళ్లుగా బోర్డు మీద వంగుతోంది ఆ దూలం,
ఒక్క పిల్లవాడి కళ్లముందూ విరగలేదు.

గురువారం వస్తే చాలు, తలుపు దగ్గర జిబెక్.
"ఎజే, ఇవాళ తీస్తారా?"
"ఇవాళ కుదరదు."
"ఏ రోజు కుదురుతుంది?"
పిల్ల అడిగేది తారీకు. నా దగ్గరున్నది భయం.

ఆ గురువారం ఉన్ని గుడ్డలో మూట తెచ్చింది.
విప్పితే, పచ్చి ఇటుక.
అత్-బాషీలో వాళ్ల మేనమామ ఇంటిది.
భూమి కదిలిన రాత్రి మూడు గోడలు పడ్డాయట, నాలుగోది పడలేదట.
"ఎందుకు పడలేదో తెలియాలి, ఎజే."

ఏ చెవో వెతుక్కున్నాను.
పదకొండింటిలో అదొక్కటే కొత్తగా మెరుస్తోంది, వాడకపోబట్టి.

తెర మీద బ్రెడా మేడం.
మాకు మూడు దాటింది, ఆవిడ చేతిలో ఇంకా పొద్దుటి కాఫీ,
వెనక బెంచీల మీద ఆవిడ పిల్లలు.
ఏ మీట ముందు నొక్కాలో ఆవిడ చెబుతుంటే
అనువాదకుడు తడబడ్డాడు, జిబెక్ తడబడలేదు.
ఇనప దవడలు ఇటుకని పట్టుకున్నాయి.
అంకెలు ఎక్కుతున్నాయి.
నేను జీతం లెక్కపెట్టుకుంటున్నాను.

మాస్టారు ఎప్పుడొచ్చారో, తలుపు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని.
ఆయన తెర చూడలేదు. తల వంచి, చెవి పెట్టి,
"ఇక ఇప్పుడు," అన్నారు.
రెండు క్షణాల తరవాత గీత వంగింది.

అవతల గది నిశ్శబ్దం.
ఎలా తెలిసిందని బ్రెడా అడిగింది, రెండుసార్లు అడిగింది.
ఆయన చాలాసేపు బూట్లు చూసుకున్నారు.
"మా నాన్న పొయ్యిలు కట్టేవాడు," అన్నారు.
మరేమీ అనలేదు.

విరిగిన ఇటుక ముక్కలు పూర్తిగా విడిపోలేదు.
మధ్యలో గడ్డి, గడ్డితోపాటు నల్లటి పోగులేవో పట్టుకుని ఉన్నాయి.
అవేమిటన్నారు అవతలివాళ్లు.
"గుర్రం తోక," అంది జిబెక్.
అక్కడెవడో నవ్వాడు.
నవ్వినవాడే ముందు పెన్ను తీశాడు:
ఎంత తోకకి ఎంత మట్టి? ఎన్నాళ్లు ఎండాలి?
జిబెక్‌కి తెలీదు. మాస్టారికీ తెలీదు.
మేనమామకి ఫోన్ కలిపాం, ఆయన కొండ మీద ఉన్నాడు, అందలేదు.

నేల ఊడ్చాక రిజిస్టరు తెరిచాను.
పాడైన వస్తువుల పట్టీలో ఇన్నేళ్లకి తొలి పంక్తి:
ఒక పచ్చి ఇటుక.
కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక
'అడిగాం' అని రాశాను.

మర్నాడే లెక్కల ఆఫీసు నుంచి ఫోను:
ఇటుక ఖరీదు ఎంత వెయ్యమంటావని.