తాడు పేజీ

వ్యాసర్పాడి హౌసింగ్ బోర్డు, మూడో అంతస్తు.
వరండా ట్యూబ్‌లైటు కింద
ట్రైనర్ పరీక్ష పుస్తకం ఒళ్ళో పెట్టుకుని
కండరాల పేర్లు వల్లెవేస్తున్నాను.
మెట్ల మీద దేశమ్మ దిగుతున్న చప్పుడు.
ఒక కాలు. ఆగడం. గోడకి అరచెయ్యి రాసుకోవడం. ఇంకో కాలు.

ఇరవై రెండేళ్ళు కాశిమేడు రేవు నుంచి
తలమీద చేపల గంప మోసిన మనిషి.
"ఎక్కేది పర్వాలేదు పాపా,
దిగేదే, ప్రాణం తోడేస్తాది."

నేనప్పుడు నూట పద్నాలుగో పేజీలో ఉన్నాను.
కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది,
కదలకుండా బిగుసుకునీ పనిచేస్తుంది,
బరువుని వదలకుండా
తాను సాగుతూ కూడా పనిచేస్తుందట.
ఆ మూడోదాని ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగలేదు.
కింద సంపులోకి బకెట్టు దించేటప్పుడు
తాడుని పిడికిట్లోంచి కొంచెం కొంచెంగా వదులుతామే, అదీ.
తాడు జారిపోతే అందులో పనేం లేదు.
పట్టుకుని వదలడమే పని.
అప్పట్నుంచీ నాకది తాడు పేజీ.

"రేపట్నుంచి నీకు కూర్చోవడం నేర్పిస్తా" అన్నాను.
ఆమె నవ్వుకి రెండో అంతస్తు కుక్క మొరిగింది.

ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద నా లావుపాటి పుస్తకం,
పైన దిండు, ఆపైన నాలుగు మడతల బియ్యం గోతం.
ఆ సింహాసనం మీదికి మూడంకెలు లెక్కపెడుతూ దిగాలి.
దిగుతూ గాలి పీల్చు, లేస్తూ వదులు.
ఎనిమిది సార్లు, చాలు.

చాలన్నాను గానీ,
ఆ రాత్రి ఒక్కతే నలభై చేసింది.
తెల్లారి తొడలు పట్టేశాయి, మర్నాటికి ఇంకా.
"మంచిదైతే ఎక్కువ చేస్తే ఇంకా మంచిదే గదా?"
కాదని చెప్పడానికి వేరే అధ్యాయం తెరిచాను.
కండ బలపడేది బరువు మోసేటప్పుడు కాదు,
దించి, తిని, పడుకున్నాక.
దేశమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
కొంగుతో మోకాలు తుడుచుకుంది, అక్కడేమీ లేకపోయినా.
"గంప దించి ఎప్పుడు పడుకుందు పాపా?
ఆదివారమే కదా చేపకి గిరాకీ."

ఆ అధ్యాయం అంచున పెన్సిల్‌తో
ఆదివారం అని రాసుకున్నాను.
ఎందుకో తెలీదు, పరీక్షలో అది రాదు.

బరువు పెంచుతూ పొమ్మంటుంది పుస్తకం.
మేం తీసేస్తూ పోయాం.
రెండో వారం గోతం, నాలుగో వారం దిండు.
కుర్చీ కిందికి దిగేకొద్దీ
తొడల మీద భారం పెరిగేది.
నడుమ కూతురి పురుడుకని గుమ్మిడిపూండి వెళ్ళి
నెల తిరిగాక వచ్చింది,
దిండు మళ్ళీ పెట్టాల్సొచ్చింది.
చేయడం మానితే వచ్చిన బలం వెనక్కి పోతుందనే సూత్రాన్ని
నేనిక బట్టీ పట్టనక్కర్లేదు.

జిమ్‌లో అరివళగన్ మాస్టరు అడిగాడు,
క్లయింట్లు ఎందరని. ఒక్కరే అన్నాను.
ఫీజెంత?
వారానికి దోసెడు ఎండు నెత్తళ్ళు.
డంబెల్ కిందపెట్టి మరీ నవ్వాడు.

పరీక్ష రోజు పొద్దున్నే సన్నటి వాన.
చివరిసారి తిరగేద్దామని
కుర్చీ మీంచి పుస్తకం లాగేసుకున్నాను,
దాని అట్ట మధ్యలో గుంట పడింది.
దేశమ్మ వచ్చింది, చూసుకోలేదు.
ఒకటి, రెండు, మూడు,
ఇంకా కుర్చీ తగల్లేదు,
నాలుగు.
కూర్చున్నాక చేత్తో కింద తడిమి
"పుస్తకమేదీ?" అంది.
చూపించాను.
"ఓసి దొంగా!"

నన్ను బస్సెక్కిస్తానని ముందు దిగింది.
గోడకి చెయ్యి ఆనించలేదు,
బెత్తెడు దూరంలో ఉంచుకుంది, ఎందుకైనా మంచిదని.
తడి మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా పెదాలు కదులుతున్నాయి.
వీధి చివర మా బస్సు హారన్.
ఆమెని దాటుకుని పరిగెత్తొచ్చు,
మెట్టు మీద ఆ కాస్త చోటుంది.

దేశమ్మ వెనక్కి తిరక్కుండానే,
"పోతే పోనీలే, ఇంకోటి వస్తాది" అంది.
ఇంకా పదకొండు మెట్లున్నాయి.