తొమ్మిదో బకీటు

నోటీసు మూడు భాషలల్ల ఉన్నది.
అరబ్బీల, ఇంగ్లీషుల, ఉర్దూల.
మన దాంట్ల లేదు గనుక
పద్నాలుగో నంబరు రూముకు నేనే తెలుగు.
రాత్రి తిన్న చెయ్యి ఆరకముందే
ఓదెలు అంటడు: "పోశెట్టీ, సదువు."

పొద్దుగాల అయిదు నుంచి ఆరు దాకా నీళ్లు.
మనిషికి ఒక బకీటు.
"ఎంత బకీటు?" అంటడు ఓదెలు.
ఎంతనో రాయలే.
ఏసీ రాత్రికి నాలుగు గంటలు.
కిటికీలకు ప్లాస్టిక్కు కవరు, సుట్టూత టేపు.
టేపు పైసలు జీతంల కోత.
సైరన్ మోగితే లోపలికి పోవాలె.
"మనం ఉన్నదే లోపల గద" అని గంగనర్సు
రేకు గోడ మీద ఏలితోని కొట్టి చూపిస్తడు.
టంగుమంటది.

పదకొండోది:
లిస్టుల లేని మనిషిని ఉంచుకున్న రూముకు
నీళ్లు, కరెంటు బంద్.
అది సదివేటప్పుడు నా గొంతు కిందికి పోతది.
మంచాల నడుమ చాప మీద పండి
మహబూబ్ పీరా ఇంటుంటడు.

రాయచోటి మనిషి. రేవు కాడి వాళ్ల క్యాంపు ఖాళీ చేసిన్రు.
కఫీలు ఫోను ఎత్తడు, ఇకామా కఫీలు కాడనే ఉన్నది.
వచ్చిన నాడు రమ్మని ఎవ్వరం అనలే, పొమ్మనీ అనలే.
ఓదెలు కాళ్లు ముడుసుకున్నడు, అంతే.
జాగ అయింది.

ఫ్యూజు డబ్బా తాళంచెవి నా మొలతాడుకే ఉంటది.
వాల్వు తిప్పేది నేనే. లెక్క రాసేది నేనే.
ఎనిమిది అని రాస్తి.
కురియన్ సారు నా భుజం మీదికెళ్లి చూసిండు.
వాకిట్ల తొమ్మిది జతల చెప్పులున్నయి.
ఏం అనలే.

ఎనిమిది బకీట్లు, తొమ్మిది ఒళ్లు.
తలా ఒక చెంబు తగ్గించుకుంటే
ఇంకో బకీటు సగం దాటుతది.
ఈ లెక్క ఆ మూడు భాషలల్ల దేంట్లనూ లేదు.

సడక్ అవతల కొత్త బ్లాకు లేస్తున్నది.
జుబైల్ పెరుగుడు లడాయిల గూడ ఆగదట.
పోసిన స్లాబు మీద గట్లు కట్టి
దినాం మూడుసార్లు ట్యాంకరు వచ్చి తాపిపోతది.
పచ్చి సిమెంటు ఎండొద్దు, పగుళ్లు వస్తయి.
నిజమే, మేస్త్రీ పని చేసినోన్ని, నాకెర్కనే.
మనిషికి ఎన్నొద్దుల క్యూరింగో
నాకు ఏ మేస్త్రీ చెప్పలే.

లైట్లన్ని ఆర్పిన ఒక రాత్రి
పీరా ఆ స్లాబెక్కి తానం చేసి వచ్చిండు.
తెల్లారి చూస్తే ఎంటికెలు తెల్లగ గట్టిపడి ఉన్నయి.
"ముసలోడివైనవ్ పో" అని నవ్వినం.
మొగులు మీద ఏదో గీరుకుంట పోయింది.
నవ్వు ఆపి లెక్కపెట్టినం,
ఒకటి, రెండు, మూడు...
దూరంల పడ్డది.
మిగిలిన సగం నవ్వు మల్ల రాలే.

లడాయి అయిపోయిందని రేడియో చెప్పింది.
నోటీసు పీకుమని ఎవ్వరూ చెప్పలే.
జీతం చిట్టీలు వచ్చినయి. టేపు కోత, నీళ్ల కోత.
అడుగున పేరు లేని చిట్టీ ఒకటి:
పద్నాలుగో రూము, తొమ్మిదో మనిషి,
నీళ్లు ముప్పై మూడు రోజులు.
జీతం కాడ సున్న. బాకీ కాడ అంకె.

నేను ఎనిమిదే రాసిన గద.
కురియన్ సారు దిక్కు చూస్తే
సారు గడియారం దిక్కు చూసిండు.

పీరా ఆ చిట్టీని ఎలుగుకు పట్టి
అటు తిప్పి ఇటు తిప్పి
మడత పెట్టి జేబుల పెట్టుకున్నడు.
"అయితే నేనుండా అన్న మాటే గదన్నా, ఈడ."